నలభై రెండో రోజు: తాగుడు మానాలంటే ఎవరి దగ్గరికి, ఏ వరసలో వెళ్లాలి

మా బాబాయి మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మూడుసార్లూ దీక్ష నిష్ఠగా చేశాడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, నేల మీద పడక. 41 రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన మర్నాటి సాయంత్రానికి బెల్టు షాపు దగ్గర కనిపించాడు. మొదటిసారి ఇంట్లో అందరూ ఏడ్చారు. రెండోసారి తిట్టారు. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనమే ఎక్కువ బాధపెట్టింది.

మూడోసారి మాల వేసుకున్న రెండో రోజు ఆయన చేతులు ఎంత వణికాయంటే హారతి పళ్లెం పట్టుకోలేకపోయాడు. కార్తీకమాసం, పొద్దున్నే చన్నీళ్లు, చలి అనుకున్నాం. అది చలి కాదని, ఆ వణుకు పేరు వేరే ఉందని, దానికి వైద్యం ఉందని మాకు చెప్పేవాళ్లు లేరు. తర్వాత ఆస్పత్రి వరండాల్లో కూర్చుని ఒక్కొక్కటే తెలుసుకున్నాం. అవే ఇక్కడ రాస్తున్నాను. ఈ పాటికి ఇలాంటి ఇంట్లోనే ఉండి ఇది చదువుతున్నవాళ్లకు మా అంత కాలం పట్టకూడదని నా కోరిక.

తాగుడు మానడం అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. ఒంటికి ప్రమాదం లేకుండా తాగుడు ఆపడం మొదటిది. ఆపాక మళ్లీ అటు పోకుండా నెలల తరబడి, ఏళ్ల తరబడి నిలబడటం రెండోది. ఇన్నాళ్లూ ఆ మనిషి చుట్టూ నలిగిపోయిన ఇంటివాళ్లు తేరుకోవడం మూడోది. మొదటిది డాక్టరు పని. రెండోదానికి మందులూ కౌన్సెలింగూ కావాలి, అన్నిటికీ మించి సాటి మనుషుల తోడు కావాలి. మూడోదాన్ని మనం అసలు పనిగానే లెక్కపెట్టం. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే ముందు ఒట్టు వేయిస్తారు, తర్వాత మాల, తర్వాత ఫలానా ఊళ్లో ఇచ్చే పసరు మందు, తర్వాత కూరలో కలిపే మాత్ర, ఇవేవీ పనిచేయక చివరికి ఎక్కడో గేటు వేసి ఉంచే సెంటరు. డాక్టరు ఈ వరసలో చివరికెక్కడో వస్తాడు, అసలు రాకుండానే పోతాడు.

2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ బయటపెట్టిన సర్వే ఒకటుంది, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేశారు. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారనీ, వాళ్లలో 5.7 కోట్ల మందికి అది ఏదో ఒక సమస్యగా మారి సాయం కావాల్సి ఉందనీ లెక్క తేల్చారు. తాగకుండా ఉండలేని స్థితికి చేరిన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో రకం వైద్యం అందిందని అదే సర్వే చెప్పింది. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్లు 180 మందిలో ఒకరు. మిగిలినవాళ్ల ఇళ్లలో ఒట్లూ మాలలూ నడుస్తూ ఉంటాయి.

చలి కాదు, వణుకు

చాలాకాలంగా రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఒంట్లో ఏం జరుగుతుంది? ఒక తలుపును ఊహించుకోండి. అవతలి నుంచి ఒకరు తోస్తున్నారు, ఇవతలి నుంచి మనం బలంకొద్దీ ఆపుతున్నాం. అవతలి మనిషి చటుక్కున తప్పుకుంటే మనం ముందుకు బోర్లా పడతాం. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుని కూర్చుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ పెరిగిన వేగానికి అడ్డు ఉండదు. వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు, నిద్ర పట్టకపోవడం, భయం అందుకే వస్తాయి.

ఇవి చివరిసారి తాగిన కొన్ని గంటలకే మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోపు వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, బీపీ పెరుగుతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

మా ఇంట్లో అది ఆస్పత్రిలోనే వచ్చింది. బాబాయి బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముకల వార్డులో చేర్చారు. చేర్చుకునేటప్పుడు నర్సు అడిగింది, మందు అలవాటుందా అని. పక్క మంచాలవాళ్లు వింటున్నారు. పిన్ని తలదించుకుని "అప్పుడప్పుడమ్మా" అంది. మూడో రాత్రి బాబాయి దుప్పటి మీద చేత్తో ఏరుతూ కూర్చున్నాడు. "చీమలే, చీమలు, దులపండర్రా" అంటున్నాడు. ఒక్క చీమ లేదు. పిన్నిని పట్టుకుని "అమ్మా" అని పిలిచాడు. దెబ్బ తలకు తగిలిందేమోనని స్కానింగుకు పరిగెత్తారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పిన్నిని పక్కకు తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి, "నిజం చెప్పండమ్మా, రోజుకు ఎంత?" అని అడిగాడు. అప్పుడు చెప్పింది. పొద్దున లేవగానే ఒక క్వార్టరు పడితే గానీ బ్రష్ చేతిలో నిలవదని.

ఆ ఒక్క మాటతో వైద్యం మారిపోయింది. లోరాజెపామ్ లాంటి మందులతో మెదడు వేగాన్ని మెల్లగా దించుతారు, రోజుకు కొంచెం తగ్గించుకుంటూ కొద్ది రోజుల్లో ఆపేస్తారు. దాంతోపాటు థయామిన్ ఇంజక్షన్, అంటే విటమిన్ బి1. తాగేవాళ్లు సరిగ్గా తినరు, తిన్నది వంటబట్టదు, అందుకని బి1 బాగా అడుగంటి ఉంటుంది. ఆ లోటు భర్తీ చేయకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. నీరసంగా ఉన్నాడని దగ్గర్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించి ఇంటికి తెచ్చుకునే అలవాటు మనకుంది. ఆ అలవాటు గురించే ఇంత వివరంగా చెబుతున్నాను.

కాబట్టి, పొద్దున్నే వణుకు ఆగడానికి తాగే మనిషిని, గతంలో తాగుడు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషిని ఇంట్లో గదిలో పెట్టి మానిపించకండి. మాల వేసుకోవాలనుకుంటే వేసుకోనివ్వండి, దాని బలం దానికుంది. ముందు ఒక వారం డాక్టరు దగ్గర ఒళ్లు సర్దుకున్నాక వేసుకోమనండి. ఏ కారణంతో ఆస్పత్రిలో చేర్చినా ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో చెప్పండి. సిగ్గుపడి దాచిన ఆ రెండు ముక్కలకు మేం చెల్లించిన ఖరీదు ఆ రాత్రి.

కల్లు తాగేవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. చెట్టు కల్లు వేరు, దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ కలిపి అమ్మే కల్లు వేరు. రెండోది తాగేవాళ్లు అలవాటు పడేది కల్లుకు కాదు, ఆ మత్తుమందులకు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటి కేసులు వరస కట్టాయి. వాళ్లలో కూలీలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు ఉన్నారు. "నేను మందు తాగను, కల్లే" అనే పెద్దవాళ్లకు కూడా పైన చెప్పినదంతా వర్తిస్తుంది.

పప్పుచారులో మాత్ర

మన భాషలో మందు అంటే ఔషధమూ అదే, సారాయీ అదే. మందు మాన్పించే మందు కోసం పిన్ని తిరగని ఊరు లేదు. ఆఖరికి ఎవరో ఒక మాత్రల పొట్లం ఇచ్చారు. రుచి తెలియదు, పొడి చేసి పప్పుచారులో కలిపెయ్యి, తాగగానే వాంతులవుతాయి, వాడే మానేస్తాడు అని. అది డైసల్ఫిరామ్. 1940ల చివర్లో డెన్మార్క్‌లో దీని గుణం కనిపెట్టారు. ఒంట్లో మద్యం విరిగిపోయే క్రమాన్ని మధ్యలో ఆపేస్తుంది, దాంతో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, గుండె కొట్టుకుంటుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది.

ఇది మంచి మందే, తెలిసి వేసుకుంటే. తాగితే ఏమవుతుందో తెలిసిన మనిషి, తానే ఒప్పుకుని, రోజూ భార్య చేతి నుంచో తల్లి చేతి నుంచో మాత్ర అందుకుని వేసుకున్నప్పుడు అది కంచెలా పనిచేస్తుంది. తెలియని మనిషికి అదే మందు విషం. ఆయన తన మామూలు కొద్దీ ఫుల్ బాటిల్ తాగుతాడు, గుండె జబ్బు ఉంటే అక్కడే ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉంటుంది. మద్యం కలిసిన దగ్గు మందుతోనూ చిక్కు రావచ్చు. ఇంకొకటి, డాక్టర్లు తరచూ చెప్పేది: అన్నంలో ఏదో కలుపుతున్నారని ఒకసారి తెలిస్తే ఆ మనిషి ఇంటి అన్నాన్నే నమ్మడు. మా బాబాయి ఏడాదిపాటు హోటల్లో తిన్నాడు. పిన్నిని నేను తప్పుపట్టను. ఆమెకు దారి చూపినవాళ్లు లేరు.

దీనికంటే నెమ్మదైన మందులు ఇప్పుడున్నాయి. నాల్ట్రెక్సోన్ తాగుడులో ఉండే ఆ హాయిని తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ మానేశాక లోపల ఉండే అలజడిని, యావను తగ్గిస్తుంది. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు కొందరు డాక్టర్లు బాక్లోఫెన్ రాస్తారు. ఎవరికి ఏది అన్నది లివర్, కిడ్నీ పరీక్షలు చూసి మానసిక వైద్యులు తేలుస్తారు. వీటిలో ఏదీ ఒక్క మాత్రతో తాగుడు తీసేసేది కాదు. మాన్పిస్తానని గ్యారంటీ ఇచ్చేవాళ్లెవరైనా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఎక్కడికి వెళ్లాలి

మొదటి ఫోను 14446కు చేయొచ్చు. కేంద్రం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం. 14416 టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. తాగే మనిషే చేయనక్కర్లేదు, ఇంట్లోవాళ్లు చేసినా వింటారు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా ఈ నంబర్లు కాదు, నేరుగా 108.

జిల్లా ఆస్పత్రుల్లో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, తాగుడుకు వైద్యం చేసేది వాళ్లే. "పిచ్చాసుపత్రి"కి తీసుకెళ్తారా అని అలిగేవాళ్లకు చెప్పండి, షుగరుకు చూసే ఓపీ పక్కనే ఇదీ ఒక ఓపీ. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు పెద్దవి. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి, ఐఆర్‌సీఏ అంటారు, ఉచితంగా చేర్చుకుంటారు. మీ దగ్గర్లో ఏదుందో 14446 వాళ్లు చెబుతారు. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకునేముందు పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి, తాగుడుకు చేసే వైద్యాన్ని చాలా పాలసీలు ఆ జాబితాలోనే పెడతాయి.

ప్రైవేటు సెంటర్లలో మంచివి ఉన్నాయి. మంచం, తాళం, కర్ర తప్ప ఇంకేమీ లేనివీ ఉన్నాయి. బాబాయిని ఒకసారి అలాంటి చోట వదిలి వచ్చాం. రాత్రి పూట నలుగురు వచ్చి వ్యానులో ఎక్కించుకుపోయారు. మూడు నెలలు ఫోను ఇవ్వలేదు. తిరిగొచ్చినప్పుడు వీపు మీద మచ్చలున్నాయి. వచ్చిన వారానికే తాగాడు. ఆ పని మేం చేసి ఉండకూడదు.

చట్టం ఏం చెబుతోందో అప్పుడు తెలిసి ఉంటే చేసేవాళ్లం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. కనుక అలాంటి రోగులను ఉంచుకుని వైద్యం చేసే సంస్థ ఆ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. గొలుసులతో కట్టేయడం నిషేధం. బయటివాళ్లతో మాట్లాడుకునే హక్కు రోగికి ఉంది. తన ఇష్టానికి విరుద్ధంగా చేర్చుకోవాలంటే భార్యో తండ్రో సంతకం పెడితే చాలదు. మానసిక వైద్యుడితో సహా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, తనకో ఇతరులకో హాని చేసుకునే స్థితో, తన్ను తాను చూసుకోలేని స్థితో ఉందని తేల్చాలి. అలా చేర్చుకున్నా మొదట 30 రోజులే. చేర్చేముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపమని అడగండి, మానసిక వైద్యుడు వారంలో ఎన్నిసార్లు వస్తాడో, మనిషితో మీరు ఎప్పుడు మాట్లాడొచ్చో, బయటికొచ్చాక ఫాలోఅప్ ఎవరు చూస్తారో అడగండి. నసిగితే అది చేర్చాల్సిన చోటు కాదు.

గంజాయి, ఇతర మత్తుమందుల సంగతి వేరే వ్యాసం కావాలి. పోలీసు భయంతో పిల్లల్ని డాక్టరు దగ్గరికే తీసుకెళ్లని తల్లిదండ్రుల కోసం ఒక్క విషయం చెబుతాను. మత్తుకు బానిసైన మనిషి వాడకం కేసులోనో, కొద్దిపాటి మోతాదుతో దొరికిన కేసులోనో ఇరుక్కున్నా, తనంతట తాను ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యం పూర్తిచేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది, 64ఎ.

నలభై రెండో రోజు

మాల ఇచ్చే 41 రోజులను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. అందులో ఉన్నవన్నీ మంచివే. స్వామీ అని పిలిచే గౌరవం, పక్కన పదిమంది దీక్షలో ఉండటం, సాయంత్రం ఆరింటికి షాపు దగ్గరికి కాకుండా భజనకు వెళ్లాల్సి రావడం. మాల తీయగానే ఇవన్నీ ఒక్క రోజులో పోతాయి. అదే సాయంత్రం, అదే దారి, అదే స్నేహితులు, చేతిలో ఏ పనీ లేదు. పడిపోయేది అక్కడ.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ ఖాళీని పూరిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు. గదిలో కుర్చీలు, టీ, తాగుడు మానిన, మానాలనుకునే మనుషులు. ఒకరి తర్వాత ఒకరు తమ కథ చెప్పుకుంటారు. పాత సభ్యుడొకరు కొత్తవాడికి స్పాన్సర్‌గా ఉంటాడు. యావ పుట్టిన రాత్రి పదింటికి ఫోను చేయడానికి ఒక మనిషి ఉండటం ఎంత పెద్ద సంగతో మా ఇంట్లో చూశాం. తెలుగులో మాట్లాడుకునే గ్రూపులు ఉన్నాయి. మతం కాదా అని కొందరు వెనకాడతారు. దేవుడి మాట అందులో వస్తుంది, ఏ దేవుడన్నది నీ ఇష్టం అంటారు. ఇది పనిచేస్తుందన్నది సభ్యుల నమ్మకం మాత్రమే కాదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, పూర్తిగా మానేసి నిలబడటంలో ఈ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిటికంటే మెరుగని తేల్చింది.

మీటింగు అందరికీ సరిపడదు. కౌన్సెలింగ్ కోసం పెద్ద నగరమే వెళ్లాలని కూడా లేదు. గోవాలో విక్రమ్ పటేల్, అభిజిత్ నాదకర్ణి బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 377 మంది మగవాళ్లతో ఒక పరిశోధన చేసింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, నాలుగు విడతలకు మించకుండా మాట్లాడించారు. మూడు నెలల తర్వాత ఆ మాటలు విన్నవాళ్లలో 36 శాతం ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు, విననివాళ్లలో 26 శాతమే. ఇది 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఇది ఎందుకు నేర్పకూడదో నాకు అర్థం కాదు.

మళ్లీ తాగితే? చాలామంది తాగుతారు. బీపీ మాత్రలు మానేసి మళ్లీ ఆస్పత్రికి వచ్చినవాడిని ఎవరూ గుమ్మంలో నిలబెట్టి తిట్టరు. "మొత్తానికి పోయింది, ఇంక నీ బతుకింతే" అనే మాట ఒక్క పూట జారిన కాలును నెలరోజుల తాగుడు చేస్తుంది. ఆ రోజు చేయాల్సింది అదే డాక్టరుకు, అదే స్పాన్సరుకు మర్నాడే ఫోను చేయడం. ఏ రోజు, ఎవరితో, ఏ గొడవ తర్వాత తాగాడో రాసి పెట్టుకోవడం.

ఇంట్లోవాళ్లు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఆ నిషేధం సడలింది. దుకాణం మూయించడం ఎంత అవసరమో, అప్పటికే తాగుడు పట్టిన మనిషికి వైద్యం దొరకడం అంతే అవసరం. మొదటిదాని కోసం మన తల్లులు రోడ్డెక్కారు, రెండోదాని భారం మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కరూ తమ వంటింట్లో ఒంటరిగా మోస్తున్నారు.

ఆ ఒంటరి మనిషి చేయగలిగింది ఉంది. 1999లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, వైద్యానికి ససేమిరా అనే తాగుబోతుల ఇంటివాళ్లు 130 మందిని మూడు గుంపులు చేశారు. అందరూ కలిసి ఎదురుగా నిలదీసే పద్ధతి నేర్చుకున్న ఇళ్లలో 30 శాతం మంది వైద్యానికి వచ్చారు. క్రాఫ్ట్ అనే పద్ధతి నేర్చుకున్న ఇళ్లలో 64 శాతం. క్రాఫ్ట్‌లో చెప్పేవి వింటే మన అమ్మమ్మల తెలివే అనిపిస్తుంది. తాగి ఉన్నప్పుడు వాదించకు. తాగని పూట దగ్గర కూర్చో, ఇష్టమైన కూర వండు, ఆ తేడా తెలియనివ్వు. తాగి డ్యూటీ ఎగ్గొడితే జ్వరమని నువ్వు ఫోను చేయకు, అప్పులు నువ్వు తీర్చకు. పశ్చాత్తాపం కనిపించిన క్షణాన డాక్టరు దగ్గరికి పోదామా అని అడుగు, ఆ క్షణానికి ముందే డాక్టరు పేరు, ఓపీ వేళలు తెలుసుకుని ఉంచుకో. కొడుతున్నాడంటే మాత్రం ఇవేవీ కాదు, ముందు నువ్వూ పిల్లలూ బయటపడాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసర నంబరు 112 అందుకే ఉన్నాయి.

మూడో గుంపు ఇళ్లు వెళ్లింది అల్-అనాన్ తరహా సాయానికి. అక్కడ తాగేవాళ్లు వైద్యానికి వచ్చింది 13 శాతమే, దాని ఉద్దేశం కూడా అది కాదు. 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్ మొదలుపెట్టిన ఆ సమావేశాలు ఇంటివాళ్లు తమ కోసం తాము వెళ్లేవి. పిన్ని మొదటిరోజు వెళ్లనంది. "తాగేది ఆయన, నేనెందుకు?" అంది. వెళ్లాక గంటన్నర ఏడ్చి వచ్చింది, ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత గాఢంగా నిద్రపోయింది.

బాబాయి మానేసి నాలుగేళ్లు దాటింది, మధ్యలో రెండుసార్లు జారాడు. ఇప్పటికీ సాయంత్రం పని నుంచి వచ్చేటప్పుడు బజారు దారిన రాడు. కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి వస్తాడు, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. పిన్ని ఆ పది నిమిషాలు కలుపుకునే స్టవ్ మీద ఎసరు పెడుతుంది.